ఏడో ఫారం

మా అక్క చదివిన నవలల్లో చాలావాటికి మొదలు ఉండేది కాదు, కొన్నింటికి చివర ఉండేది కాదు. ఆమె బైండింగ్ షాపులో నలభై ఏళ్ళు పనిచేసింది. ప్రెస్సు నుంచి పెద్ద పెద్ద అచ్చుకాగితాలు వచ్చేవి. ఒక్కో కాగితాన్ని మడిస్తే పదహారు పేజీలు అవుతాయి, దాన్నే ఫారం అంటారు. అలాంటివి పదిహేనో ఇరవయ్యో వరసగా చేర్చి కుడితే ఒక పుస్తకం. సిరా అలుక్కుపోయినవీ మడత వంకరపోయినవీ పక్కన పడేస్తే, అక్క వాటిని అడిగి ఇంటికి తెచ్చుకుని చదివేది. ఏ ఫారం పాడైతే ఆ ముక్కే ఆమెకు దక్కేది. ఒక నవలలో పెళ్ళి జరగడం ఆమెకు తెలుసు, పెళ్ళికొడుకెవరో తెలియదు. ఇంకోదాంట్లో హంతకుడు దొరికిపోవడం తెలుసు, చచ్చిందెవరో తెలియదు.

"మిగతాది నేను అల్లుకుంటాలే. రాసినాయనకి మాత్రం ఎవరు చెప్పారు?" అనేది.

అమ్మ పోయేనాటికి నాకు తొమ్మిదేళ్ళు, అక్కకి పదిహేను. నాన్న లారీ మీద ఊళ్ళు పట్టుకుని తిరిగేవాడు, ఉన్నా లేనట్టే. మరుసటి ఏడే అక్క బైండింగ్ షాపులో చేరింది. కుట్టు నేర్చుకుంది. ఎవరింటికి వెళ్ళినా అక్కడున్న పుస్తకాన్ని సరిగ్గా మధ్యకి తెరిచి దారం చూసేది. వదులుగా ఉంటే పెదవి విరిచి, "ఎవరో ఆకలి మీద కుట్టారు దీన్ని" అనేది. ఆమె కుట్టిన పుస్తకం చింపితే కాగితం చిరగాల్సిందే కానీ దారం ఊడేది కాదు.

ఇంత బాగా కుట్టే మనిషి ముప్ఫై మూడేళ్ళు జిగురు బల్ల దగ్గరే ఎందుకు ఉండిపోయింది? ఆ షాపులో అందరూ ఆమెను తలకిందులక్క అని ఎందుకు పిలిచేవారు? ఇవి రెండూ చెప్పాలి. ఇవి చెప్పకుండా మా అక్క గురించి ఎంత రాసినా లెక్కలోకి రాదు.

నాకు పదిహేడో ఏడు వచ్చాక అక్కే నన్ను షాపులో చేర్పించింది. చేరిన మూడో నెలలో బడి పుస్తకాలు వచ్చాయి, నాలుగు వందల కాపీలు, మహా తొందర పని. అక్కడ పద్ధతి ఏమిటంటే, పొడుగాటి బల్ల మీద మొదటి ఫారం నుంచి ఆఖరిది దాకా కట్టలు కట్టలుగా వరసన పెడతారు. ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు నడుస్తూ ఒక్కో కట్ట మీంచి ఒక్కోటి తీసి చేతిలో పేర్చుకుంటూ పోతారు. బల్ల చివరికి చేరేసరికి చేతిలో ఒక పుస్తకం తయారవుతుంది. ఆ రోజు కట్టలు సర్దే పని నాకిచ్చారు. ఏడో కట్టని నేను తల కిందకీ కాళ్ళు పైకీ పెట్టేశాను.

కబుర్లు చెప్పుకుంటూ నడిచే మనుషులు అక్షరాలు చూస్తారా? ఎత్తేశారు, కుట్టేశారు, కుట్టిన అంచున, అంటే పుస్తకం వీపున, జిగురు కూడా పూసేశారు. అంచులు కోసే మనిషి ఒకదాన్ని తెరిచి చూసి మేస్త్రీని కేకేశాడు. తొంభై ఏడో పేజీ నుంచి నూట పన్నెండో పేజీ దాకా అక్షరాలన్నీ శీర్షాసనం వేసి ఉన్నాయి. అన్ని కాపీల్లోనూ అంతే.

మేస్త్రీ అందరినీ బల్ల చుట్టూ నిలబెట్టాడు. పెద్దగా అరవలేదు కూడా. ఏడో కట్ట ఎవరు పెట్టారని అడిగాడు. అక్క నా వంక చూసింది. భయపడకు, చెప్పెయ్, నేనున్నానుగా అన్నట్టుంది ఆ చూపు. నేను నేల చూపులు చూస్తూ, "అక్క పెట్టింది" అన్నాను.

అక్క కాదనలేదు.

కుట్టు బల్లకి అక్కనే పెద్దగా వెయ్యబోతున్నారని అప్పటికే అందరూ అనుకుంటున్నారు. ఆ సంగతి నాకు తెలియదని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. తెలుసు. అక్క పాత మనిషి కాబట్టి ఆమెనైతే ఏమీ అనరనుకున్నానని కూడా చెప్పుకున్నాను. అదీ నిజం కాదు. ఆ గండం నా మీంచి తప్పుకుంటే చాలనిపించింది, అంతే.

పెత్తనం ఇంకొకరికి పోయింది. అక్కని అసలు కుట్టు దగ్గరే ఉండనివ్వలేదు, జిగురు బల్లకి మార్చేశారు. అక్కడ అక్క పక్కన కూర్చునే ఆవిడని అందరూ రేడియో అనేవారు. పొద్దున తలుపు తీసినప్పుడు మొదలుపెడితే సాయంత్రం తాళం పడేదాకా ఆవిడ నోటికి విశ్రాంతి ఉండేది కాదు. మర్నాడే అక్కకి తలకిందులక్క అని పేరు పెట్టింది రేడియోనే. అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే అనుమానం వస్తుందేమోనని.

ఆ సాయంత్రం ఇద్దరం నడిచి ఇంటికి వస్తున్నాం. ఇప్పుడు తిడుతుంది, ఇప్పుడు తిడుతుందని ఎదురుచూస్తున్నాను. అక్క ఒక్కటే అడిగింది, "ఏం, చెప్పు తెగిందా? అలా ఈడుస్తున్నావు" అని.

రెండేళ్ళకి నాకు పెళ్ళయింది. షాపు మానేశాను. మావారు బస్సు డిపోలో మెకానిక్కు. మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు, నాలుగో నెలలో, మంచం దిగితే బిడ్డ దక్కదని డాక్టరమ్మ భయపెట్టింది. మావారివి వేళాపాళా లేని డ్యూటీలు. అక్క రిక్షా మాట్లాడుకొచ్చి నన్ను తన గదికి తీసుకుపోయింది. గది అంటే ఒక మంచం, ఒక స్టవ్వు, గోడవారన కాగితాల దొంతర. మంచం నాకిచ్చి తను నేల మీద పడుకునేది. పొద్దున్నే వండి, నా పక్కన నీళ్ళూ గ్లాసూ పెట్టి, షాపుకు వెళ్ళేది. సాయంత్రం వచ్చాక నాకు పొద్దుపోవడానికి ఒక నవల చదివి వినిపించింది.

అది ఎక్కడో చల్లటి దేశంలో నూటయాభై ఏళ్ళ కిందట రాసిన నవల, తెలుగులోకి తెచ్చి వేశారు. టోపీలు కుట్టే దుకాణం నడుపుకునే అక్కాచెల్లెళ్ళ కథ. అక్కని పెళ్ళాడతానని ఒకతను ఉత్తరం రాస్తాడు. ఆ ఉత్తరం చెల్లెలి చేతికి వస్తుంది. అక్క వెళ్ళిపోతే తన గతేమిటని భయపడి దాన్ని దాచేస్తుంది. అతను జవాబు లేక వెళ్ళిపోతాడు. అక్క టోపీలు కుడుతూ అక్కడే ఉండిపోతుంది. చెల్లెలు మాత్రం గొప్పింట్లో పడుతుంది. ఆ పుస్తకం అచ్చులో తిన్నగా రాలేదట, దాదాపు ప్రతి ఫారంలోనూ పాడైన కాగితం ఒకటైనా దొరికింది. వరసగా కథ అంతా దొరికిన నవల తనకి అదొక్కటేనంది.

చదివేటప్పుడు ఆమె వేళ్ళు చూసేదాన్ని. వేడి జిగురుకి గోళ్ళ పక్కన చర్మం పగిలి, కాగితం తిప్పితే గరగరమని చప్పుడయ్యేది. వాజలీను రాసుకోవే అన్నాను. ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందో తెలియదు.

ఆఖరి ఫారం చదివిన రోజు నాకు బాగా గుర్తు. అక్క గోడకి చేరగిలబడి, కాగితం తన వైపుకే పట్టుకుని చదివింది. దుకాణం నిండా జనం. చెల్లెలు వానలో తడిసి లోపలికి వస్తుంది. అందరూ చూస్తుండగా నిలబడి, ఆ ఉత్తరం నేనే దాచాను, మా అక్క తప్పేమీ లేదు అంటుంది. కొనేవాళ్ళంతా చేతిలో టోపీలు చేతిలోనే పెట్టుకుని ఉండిపోతారు. అక్క సూదిలో దారం తెంపి, "ఇంత ఆలస్యం చేశావేమే? రా, కూర్చో" అంటుంది.

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. "ఎంత మంచి చెల్లెలే అక్కా" అన్నాను.

అక్క కాగితం మడిచింది. "అవును, మంచిదే" అంది. లేచి స్టవ్వు వెలిగించింది.

ఐదు నెలల కిందట అక్క పోయింది. షాపు నుంచి వచ్చి చెప్పులు విప్పుకుందామని కుర్చీలో కూర్చుందట. ఒక చెప్పు విప్పింది. రెండోది కాలికే ఉంది. షాపు వాళ్ళంతా వచ్చారు. మా తలకిందులక్క పోయిందే అని రేడియో నన్ను పట్టుకుని ఏడ్చింది. నేను ఆవిడ భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాను కానీ కిమ్మనలేదు.

తరవాత నేను ఇల్లు కదలడం మానేశాను. వండడం, తోమడం, కిటికీ దగ్గర కూర్చోవడం. చూసి చూసి మా అమ్మాయి నన్ను లైబ్రరీకి లాక్కుపోయింది. అక్కడ పనిచేసే మేడం పాత నవలల్లోంచి తీసిన సినిమాలు శనివారం మధ్యాహ్నాలు ఆడవాళ్ళకి వేసి చూపిస్తుంది. అయ్యాక అందరూ కుర్చీలు గుండ్రంగా వేసుకుని మాట్లాడుకుంటారు. "పెద్దమ్మ చదివి చెప్పిన టోపీల కథేనమ్మా. రెండుసార్లు సినిమా తీశారట, రెండూ వేస్తారు" అంది అమ్మాయి. అందుకే వెళ్ళాను.

మొదటి వారం పాతది, నలుపు తెలుపు. అందులో చెల్లెలు ఎదిగిందని చెప్పడానికి జడలు పోయి ముడి వచ్చింది, అంతే. అక్క ఎప్పుడు చూసినా కిటికీ దగ్గర నిలబడి కన్నీళ్ళు మింగుతూ ఉంటుంది. రెండో వారం కొత్తది. దీంట్లో చెల్లెలు మొదట్లో ఎక్కడికైనా పరుగెత్తే వెళుతుంది, పోను పోను నడక నెమ్మదిస్తుంది, చివరికి మెట్లు ఎక్కడానికే సందేహిస్తుంది. అది నాకు నచ్చింది. మనిషి బరువు తెలుసుకోవడం అలాగే ఉంటుంది. అక్క కూడా ఊరుకునే రకం కాదు, కోపమొచ్చినప్పుడు టోపీలు తొడిగే కొయ్య దిమ్మ తీసి గోడకి కొడుతుంది. కానీ చివర మాత్రం రెంటిలోనూ ఒకటే. చెల్లెలు గుర్రబ్బండి దిగుతుంది, అక్క గుమ్మంలోకి వస్తుంది, ఒకరినొకరు చూసుకుని కావలించుకుంటారు. సంగీతం. ఉత్తరం మాట ఎత్తరు.

మాటల్లో ఎవరో అక్కాచెల్లెళ్ళ ప్రేమంటే అదీ, చెప్పకుండానే క్షమించేసింది అన్నారు. ఒక నర్సమ్మ ఉంది, నవ్వించే మనిషి. "మా అక్కయితే ముందు చెంప పగలగొట్టి, తరవాత కావలించుకునేది" అంది. అందరూ నవ్వారు. నేను ఆ రెండు వారాల్లో నోరు విప్పలేదు. అప్పుడు మాత్రం ఆగలేకపోయాను.

"అసలు సీను తీసేశారండీ. రెంటిలోనూ తీసేశారు" అన్నాను.

ఏ సీనని అడిగారు. చెప్పాను. దుకాణం నిండా జనం, వాన, చెల్లెలు అందరి ముందూ ఒప్పుకోవడం, దారం తెంపి అక్క అన్న మాట. నా జన్మలో అంతమంది ముందు అంతసేపు మాట్లాడింది లేదు. ఆ సీను లేకుండా ఆ చెల్లెలు ఎదిగినట్టెలా అవుతుందండీ, ఎదురుగా నిలబడి చెప్పలేని మనిషికి జడలు పోయి ముడి వస్తే సరిపోతుందా అని కూడా అన్నాను. నర్సమ్మ కళ్ళు తుడుచుకుంది. సినిమా వాళ్ళకి బుద్ధి లేదంది.

మేడం కొంచెం తటపటాయించింది. తను ఆ నవల రెండుసార్లు చదివానని, అలాంటిది గుర్తు రావడం లేదని, చూద్దాం ఉండండని లోపలికెళ్ళి పుస్తకం తెచ్చింది. "ఏ పేజీలో ఉందో చూపిస్తారా అమ్మా?" అని నా చేతికిచ్చింది.

బైండింగ్ షాపులో పనిచేసినదాన్ని, ఆఖరి ఫారం ఎక్కడ మొదలవుతుందో దారాన్ని బట్టి తెలుస్తుంది. తెరిచాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. గుర్రబ్బండి ఉంది. గుమ్మం ఉంది. కావలించుకోవడం ఉంది. వాన లేదు, జనం లేదు, ఉత్తరం ఊసు లేదు. మళ్ళీ మొదటి నుంచి చూశాను. ఒక్కో వరస కింద వేలు పెట్టి చూశాను. అందరూ ఎదురుచూస్తున్నారు.

"లేదండీ" అన్నాను.

మేడం మంచి మనిషి. మీ అక్కగారు చెప్పిన ముగింపే బాగుందండీ అంది. మా అమ్మాయి నా భుజం మీద చెయ్యేసి, పెద్దమ్మ భలే అల్లిందమ్మా అని మురిసిపోయింది. "ఆవిడకి చెల్లెలంటే ఎంత ప్రాణమో" అంది నర్సమ్మ.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆఖరి ఫారం పాడవలేదు, అక్కకి దొరకలేదు. ఏదో వేరే కాగితం చేత్తో పట్టుకుని, నేను ఏం చెయ్యాలో నాకే చదివి వినిపించింది. తిట్టలేదు, అడగలేదు. కథలో పెట్టి నా ముందు పెట్టింది. నేనేమో ఎంత మంచి చెల్లెలే అని మెచ్చుకున్నాను. ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు ఒకే ఊళ్ళో ఉన్నాం. వారానికోసారైనా ఆ గది గుమ్మం ఎక్కాను. ఎప్పుడైనా నోరు తెరుస్తానేమోనని చూసి ఉంటుంది.

ఇంటికి వచ్చే దారిలో, బస్సులో, అమ్మాయికి మొత్తం చెప్పాను. అది, ఇప్పుడేం లాభం అమ్మా, పెద్దమ్మే లేదుగా, వదిలెయ్ అంది. నాకు కావలసింది అలాంటి మాటే. దాన్ని పట్టుకుని మూడు వారాలు నెట్టుకొచ్చాను.

నాలుగో వారం రేడియో ఫోను చేసింది. షాపులో అక్క ఫోటో పెద్దది చేయించి, చట్రం కట్టించి గోడకి పెట్టారట. కింద బంగారు రంగు అక్షరాలు, అట్టల మీద పుస్తకాల పేర్లు అద్దే అక్షరాలే, రేడియోనే కూర్చుని దగ్గరుండి అద్దించిందట. "అసలు పేరు వేస్తే మా పిల్లలకి ఎవరికి తెలుస్తుందే? తలకిందులక్క అనే వేయించాను. వచ్చి చూసుకో" అంది ప్రేమగా.

నేను వస్తానన్నాను.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళాను. ముప్ఫై ఒక్క ఏళ్ళ తరవాత ఆ గుమ్మం తొక్కడం. చేతికుట్టు పోయింది, మూలన కుట్టు మిషను దడదడలాడుతోంది. జిగురు వాసన మాత్రం అదే. ఫోటో తలుపుకి ఎదురుగా గోడకి ఉంది. అక్క నవ్వుతోంది. కింద ఆ పేరు మిలమిలా మెరుస్తోంది.

రేడియో లేచి వచ్చి నా చేతులు పట్టుకుంది. నేను ఆవిడ చెవి దగ్గర చెప్పాను. మిషను మోతలో వినపడలేదు. "ఏంటి? ఉండు, మిషను ఆగనీ. టీ వేళయింది" అంది. నేను తలుపు వైపు చూశాను. ఇద్దరం చాటుగా వెళ్ళి మాట్లాడుకోవచ్చు కూడా. ఇంతలో మిషను ఆగింది. టీ గ్లాసులతో అందరూ బల్ల చుట్టూ చేరారు. ఎనిమిది మంది ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు. కూర్చోమని ముక్కాలి పీట జరిపారు. నేను కూర్చోలేదు.

"ఆ ఏడో కట్ట పెట్టింది నేను. అక్క కాదు" అన్నాను.

వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో, "ఏ కట్ట ఆంటీ?" అంది. అది నేను అనుకోలేదు. అక్కడ రేడియో తప్ప ఆ రోజున ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. మిగతావాళ్ళకి ఆ పేరు ఎందుకొచ్చిందో కూడా తెలియదు. దాంతో మొదటి నుంచీ చెప్పవలసి వచ్చింది. బడి పుస్తకాలు, నాలుగు వందల కాపీలు, మేస్త్రీ అడగడం, అక్క నా వంక చూడడం, నేనన్న మాట. కుట్టు బల్ల పెత్తనం సంగతీ చెప్పాను. ఎక్కడా ఎవరూ అడ్డు రాలేదు. అడ్డు వస్తే బాగుండుననిపించింది.

అయిపోయాక ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. రేడియో నోటి వెంట మాట లేదు. ఆవిడ అలా ఉండడం ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు.

"ముప్ఫై మూడేళ్ళు" అంది చివరికి, మెల్లగా. "పక్కనే కూర్చుని, రోజుకి వందసార్లు నా నోటితో దాన్ని ఆ పేరెట్టి పిలిచానే. ఒక్కనాడూ కాదనలేదది. పిలిస్తే పలికేది."

నేను ఏదో అనబోయాను.

"నీ పాపం నువ్వు మోస్తే మోశావు. నా చేత ఎందుకు మోయించావే? చెప్పుంటే నేను మానేదాన్ని కదా."

నా అబద్ధం అక్కకీ నాకూ మధ్య సంగతనే అనుకుంటూ వచ్చాను. దాంట్లో ఈ మనిషి నోరు కూడా ఉందని ఏనాడూ తట్టలేదు.

రేడియో పీట లాక్కుని ఎక్కింది. పడతావు పెద్దమ్మా అని పిల్లలు పట్టుకోబోతే విదిలించుకుంది. చట్రం దింపి బల్ల మీద పెట్టి, కత్తితో అక్షరాలు గీకడం మొదలుపెట్టింది. అద్దిన బంగారు పూత తొందరగా ఊడలేదు. ఎవరూ సాయం చెయ్యలేదు, ఆవిడ చెయ్యనిచ్చేలానూ లేదు. మిషను మళ్ళీ వెయ్యడానికి ఎవరూ లేవలేదు.

పూత అంతా పోయాక ఇందాక అడిగిన అమ్మాయి అక్షరాల పెట్టె తెచ్చింది. "మరి అసలు పేరేంటి?" అంది.

రేడియోకి తెలుసు. అయినా చెప్పలేదు. నా వైపు చూడకుండానే, "అదే చెబుతుంది" అంది.

నేను అక్క పేరు చెప్పాను. ఆ అమ్మాయి ఒక్కో అక్షరం ఏరి వరసన పెట్టి, సరిగ్గా ఉందా అని అడిగింది. ఉందన్నాను. పూత ఆరేదాకా నిలబడ్డాను. వెళ్ళొస్తానని చెప్పాను. పిల్లలు తలూపారు. రేడియో జిగురు గిన్నెలో కుంచె ముంచి, తన పక్కనున్న ఖాళీ పీట వైపు ఒకసారి చూసి, తల వంచుకుని పుస్తకం వీపు మీద పూస్తూ ఉండిపోయింది.